ఎమర్జెన్సీలో ఇంటి సంగతులు అడిగితే

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో నాలుగు ఒకే సంగతి మీద ఉన్నాయి. ఒంట్లో బాగాలేదని ఎమర్జెన్సీకి పరిగెత్తితే, అక్కడ ఇంట్లో తిండికి ఉందా, ఎవరైనా కొడుతున్నారా అని అడుగుతున్నారేమిటని. నేను న్యూజెర్సీలో ఒక ఆసుపత్రి ఎమర్జెన్సీలో పందొమ్మిదేళ్లుగా సోషల్ వర్కర్‌ని. ఆ ప్రశ్నలు అడిగేవాళ్లలో నేనూ ఒకదాన్ని. అందుకని ఈసారి పేజీ అంతా దీనికే.

ప్రశ్న: మేడమ్, మా అమ్మకు 67 ఏళ్లు. నరసరావుపేట నుంచి విజిటర్ వీసా మీద వచ్చి రెండు నెలలైంది. పోయిన నెల ఒక రాత్రి గుండెల్లో పట్టేసినట్టుంది, ఆయాసంగా ఉంది అంటే ఎమర్జెన్సీకి తీసుకెళ్లాం. ఈసీజీ తీశాక నర్సు ఒక ట్యాబ్లెట్ కంప్యూటర్ పట్టుకొచ్చి, గత 12 నెలల్లో డబ్బు లేక సరుకులు నిండుకున్నాయా, కరెంటు తీసేస్తామని నోటీసు వచ్చిందా, ఉండటానికి ఇల్లుందా అని వరసపెట్టి అడిగింది. నేను తెలుగులో చెబుతుంటే అమ్మ ముఖం ఎర్రబడిపోయింది. “మనం అడుక్కుతినేవాళ్లలా కనపడ్డామా?” అంది. నాకూ కోపమొచ్చి, ఇవన్నీ మీకెందుకని గట్టిగానే అన్నాను. కాసేపటికి నన్ను ఐదు నిమిషాలు బయట కూర్చోమన్నారు. మా రంగు చూసి అడిగారా? ఇవన్నీ ఎక్కడ రాసుకుంటారు? నా గ్రీన్ కార్డుకేమైనా అడ్డొస్తుందా?
— ఎడిసన్ నుంచి ఒక పాఠకుడు

జవాబు: బాబూ, ఇంత వివరంగా రాసి అమ్మగారికి ఇప్పుడెలా ఉందో మాత్రం రాయలేదు. తగ్గిందనే అనుకుంటున్నాను.

రంగు చూసి అడిగి ఉండరు. మా దగ్గరైతే పెద్దవాళ్లందరినీ అడగాలన్నది నియమం. మనిషి వాలకం చూసి, ‘వీళ్లకి లేనట్టుంది’ అని ఎంచుకుని అడిగితే అప్పుడది వివక్ష అవుతుంది. ఆ మధ్య ఇస్త్రీ చొక్కా, మెడలో ఆఫీసు బ్యాడ్జితో ఒకాయన కడుపునొప్పని వచ్చాడు. నర్సు నోటితో అడిగితే అంతా బాగానే ఉందన్నాడు. ట్యాబ్లెట్ చేతికిచ్చి ఆవిడ పక్కకు వెళ్లగానే, మూడు వారాలుగా కారులో పడుకుంటున్నానని నొక్కాడు. ఆ చొక్కా చూసి ఎవరం కనిపెడతాం చెప్పండి?

ఈ ప్రశ్నలు ఏ ఒక్క ఆసుపత్రీ సొంతంగా పుట్టించినవి కావు. ముసలివాళ్లకు మెడికేర్, పేదవాళ్లకు మెడికెయిడ్ అనే ప్రభుత్వ ఆరోగ్య బీమాలు నడిపే అమెరికా కేంద్ర సంస్థ 2017 నుంచి 2022 దాకా ఒక ప్రయోగం నడిపింది. అందులో ముఖ్యంగా ఐదు విషయాలు అడిగేవారు: ఇల్లు, తిండి, రాకపోకలు, కరెంటు గ్యాసు బిల్లులు, మనుషుల వల్ల భయం. వీటిలో ఏదో ఒక ఇబ్బంది ఉండి, ఏడాదిలో రెండుసార్లో అంతకన్నా ఎక్కువో ఎమర్జెన్సీకి వచ్చినవాళ్లకు ఒక మనిషిని తోడిచ్చి, సాయం దొరికేదాకా వెంట తిప్పాలన్నది ఏర్పాటు. పదేపదే ఎమర్జెన్సీకి వచ్చేవాళ్ల విషయంలో చాలాసార్లు మందుకు అందని కారణం వెనకుంటుంది. కరెంటు తీసేసిన ఇంట్లో ఇన్సులిన్ ఎక్కడ దాచుకుంటారు? కారు లేని ముసలావిడ మందుల షాపుకి ఎలా వెళుతుంది? మేం ఇచ్చిన చీటీ పర్సులోనే ఉండిపోతుంది, పది రోజులకు కాళ్లు వాచిపోయి మళ్లీ మా తలుపు దగ్గరే ఉంటుంది.

అమ్మగారి కోపం తప్పని మాత్రం నేననను. మన ఇళ్లలో వచ్చినవాళ్లకి పెట్టడం పెద్దరికం. “మీకు తిండికి ఉందా?” అని అడిగితే ఆ పెద్దరికాన్ని పట్టుకు లాగినట్టే. అందులోనూ కొడుకు నోటి వెంట!

నేను కొత్తలో చేసిన తప్పు ఒకటి చెబుతాను. ఒక పెద్దాయన, ప్రకాశం జిల్లా మనిషి, బీపీ ఆకాశానికంటి తల తిరిగి పడిపోయి వచ్చాడు. తెలుగు తెలిసినదాన్ని కదా అని ధీమాగా వెళ్లి, కాగితంలో ఉన్నది ఉన్నట్టు “మీకు ఆహార భద్రత ఉందా?” అని అడిగాను. అది ఏ ఊరి తెలుగు? ఆయన నా వంక ఒక్క క్షణం చూసి, “పదిమందికి పెట్టిన ఇల్లమ్మా మాది” అని గోడవైపు తిరిగిపోయాడు. తెల్లారేదాకా ఎవరితోనూ మాట్లాడలేదు. పొద్దున చొక్కా తొడుగుతుంటే జేబులోంచి మాత్రల స్ట్రిప్పు జారిపడింది. ఒక్కో మాత్రా సగానికి విరిచి, మిగిలిన సగం మీద రేకు మళ్లీ నొక్కి, జాగ్రత్తగా అప్పడంలా చదును చేసి పెట్టుకున్నాడు. ఇండియా నుంచి తెచ్చుకున్నవి అయిపోవస్తున్నాయి. ఇక్కడ కొనాలంటే డాక్టరు చీటీ కావాలి, ఆ ఖర్చు కొడుకు మీద పడుతుంది. అందుకని సగం సగం వేసుకుంటున్నాడు. పక్క గదిలో కొడుక్కి ఆ సంగతే తెలియదు. నేను సరిగ్గా అడిగి ఉంటే రాత్రే తెలిసేది.

ఇప్పుడు ముందు మూడు మాటలు చెప్పాకే అడుగుతాను. ఇవి అందరినీ అడిగేవి. చెప్పకపోయినా వైద్యం ఆగదు. చెబితే ఫలానావాళ్లు చూస్తారు, ఫలానా సాయం దొరకొచ్చు. ఆ తర్వాత, “మందులు సరిపడా ఉన్నాయా, ఎప్పుడైనా పొదుపుగా వాడుకోవాల్సి వచ్చిందా?” అని మొదలుపెడతాను. అలా అడిగితే కోపగించుకున్నవాళ్లు బాగా తక్కువ. మీ అమ్మగారి దగ్గర ఆ మూడు మాటలూ ఎవరూ అని ఉండరు. ఆ లోటు మావాళ్లదే.

ఇది మనవాళ్ల బాధే అనుకోకండి. 2019లో వెలువడిన ఒక పరిశోధనలో 9 రాష్ట్రాల్లోని క్లినిక్‌లు, ఎమర్జెన్సీల్లో 969 మందిని అడిగితే 79 శాతం మంది ఇలా అడగడం సబబే అన్నారు. కాని దాన్ని రికార్డులో రాసుకోవడానికి సరేనన్నది 65 శాతమే. ఎమర్జెన్సీలో ఉన్నవాళ్లు మామూలు క్లినిక్‌కి వచ్చినవాళ్లకన్నా ఎక్కువ వెనకాడారు. నాకది సహజంగానే తోస్తుంది. ఏళ్ల తరబడి చూస్తున్న డాక్టరమ్మ అడగడం వేరు, ఒంటి మీద ఆసుపత్రి గౌను, ఛాతీకి వైర్లు, పక్కన పల్చటి తెర, దాని అవతల మరో మనిషి దగ్గు వినిపిస్తుండగా ముక్కూ మొహం తెలియని మనిషి అడగడం వేరు.

ఇక రికార్డు. జవాబులు వైద్య రికార్డులోకే వెళతాయి. జబ్బులకు ఉన్నట్టే వీటికీ జెడ్ అక్షరంతో మొదలయ్యే కోడ్‌లున్నాయి, జెడ్ 55 నుంచి జెడ్ 65 వరకు. చాలామందికి తెలియని సంగతి ఇంకొకటి. 2021 ఏప్రిల్ నుంచి డాక్టర్లు రాసే నోట్సు రోగికి ఆన్‌లైన్ పోర్టల్‌లో కనపడాలన్న నిబంధన అమల్లో ఉంది. మరి అమ్మగారి పోర్టల్ పాస్‌వర్డ్ ఎవరి దగ్గరుంది? మీ దగ్గరే కదా! అమ్మ చెప్పిందంతా మీరు చదవగలరు. అందుకే కొన్ని విషయాలు పోర్టల్‌లో కనపడకుండా ఉంచమని అడిగే వీలు రోగికి ఉంది. ఆ సంగతి ఆవిడకు తెలియనివ్వండి.

గ్రీన్ కార్డు గురించి: ప్రశ్నకు జవాబు చెప్పడం ప్రభుత్వ సాయం పుచ్చుకోవడం కాదు. ప్రభుత్వం మీద ఆధారపడి బతుకుతారనుకున్నవాళ్లకు గ్రీన్ కార్డు నిరాకరించే, ‘పబ్లిక్ చార్జ్’ అని మనవాళ్లు భయపడే నియమంలో, 2022 డిసెంబరులో అమల్లోకి వచ్చిన రూపం ప్రకారం, లెక్కలోకి తీసుకునేవి జీవనం కోసం ప్రభుత్వమిచ్చే నగదు సాయం, ప్రభుత్వ ఖర్చుతో దీర్ఘకాలం ఏదైనా సంస్థలో ఉండటం. గుళ్లోనో చర్చిలోనో ఇచ్చే బియ్యం సంచీ కాదు. ఇలాంటి నియమాలు ప్రభుత్వాన్ని బట్టి మారుతుంటాయి కనక, దరఖాస్తు పెట్టేముందు మీ లాయరుని ఒక మాట అడగండి.

మిమ్మల్ని బయట కూర్చోబెట్టింది మీరు గట్టిగా మాట్లాడినందుకు కాకపోవచ్చు. ఇంట్లో భయముందా అన్న ప్రశ్న ఇంట్లోవాళ్ల ముందు అడగకూడదు. ఆ ఐదు నిమిషాలూ కొడుకుగా మీకు అవమానమనిపించింది, నాకు తెలుసు. ఎందుకనిపించకూడదో కింది ఉత్తరం చదివితే మీకే తెలుస్తుంది.

ప్రశ్న: అమ్మాయ్, నాకు 70 దాటాయి. ఈ ఉత్తరం గుళ్లో పరిచయమైన ఒకావిడ చేత రాయిస్తున్నాను. మెట్ల మీద జారి మణికట్టు విరిగితే ఆసుపత్రికి తీసుకెళ్లారు. నాకు ఇంగ్లీషు రాదు, కోడలే చెప్పింది. “ఇంట్లో సేఫేనా అని అడుగుతున్నారు అత్తయ్యా” అని నా వంక చూసింది. సేఫే అన్నాను. నన్నెవరూ కొట్టరమ్మా. కాని పాస్‌పోర్టు వాళ్ల దగ్గరుంది. ఊరెళతానంటే పిల్లాడు బడికెళ్లేదాకా ఆగమంటారు. పెద్దాయన పోయి సంవత్సరీకం కూడా దాటిపోయింది, నేను వెళ్లలేదు. ఏమన్నా అంటే కూర్చోబెట్టి మేపుతున్నాం కదా అంటారు. ఇది చెప్పాల్సిందా? చెబితే నా కొడుకుని పోలీసులు తీసుకెళతారా?
— పేరు వద్దన్నారు

జవాబు: అమ్మా, మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. సంవత్సరీకం మాట దగ్గర ప్రతిసారీ ఆగిపోయాను.

“సేఫేనా” అన్న మాట మన భాషలోకి సరిగ్గా రాదు. ఇదే ప్రశ్నకు ఒక పెద్దావిడ నాతో, “ఆఁ, వాకిట్లో కెమెరా పెట్టారమ్మా, దొంగల భయం లేదు” అంది. ఆవిడ తప్పేముంది? అసలు ఆ కాగితంలో ఉన్నవి నాలుగు ప్రశ్నలు: ఇంట్లోవాళ్లతో సహా ఎవరైనా మిమ్మల్ని ఎంత తరచుగా కొడుతున్నారు, ఎంత తరచుగా కించపరుస్తున్నారు, బెదిరిస్తున్నారు, అరిచి తిడుతున్నారు అని. ఒక్కోదానికీ 1 నుంచి 5 వరకు వేసి, మొత్తం 11కి చేరితే ఆ మనిషి క్షేమంగా లేకపోవచ్చని లెక్క. కొట్టడమన్నది అందులో ఒకటే. “కూర్చోబెట్టి మేపుతున్నాం” అన్న మాటకూ అక్కడ చోటుంది. పాస్‌పోర్టుకి మాత్రం గడి లేదు, దాన్ని మీరే నోరు తెరిచి చెప్పాలి. కాబట్టి చెప్పాల్సిందే అంటాను.

కోడలి ముందు చెప్పలేకపోయినందుకు మిమ్మల్ని మీరు తప్పుపట్టుకోకండి. నేను ఇక్కడికి రాకముందు విశాఖలో ఆసుపత్రి పనిలో ఉండేదాన్ని. క్యాజువాల్టీలో కాలిపోయి వచ్చిన ఆడవాళ్లను చూశాను. “స్టవ్ పేలింది” అనేవాళ్లు. అత్తగారి తరఫువాళ్లు మంచం కాళ్ల దగ్గరే నిలబడి ఉండేవాళ్లు. మెడికో లీగల్ కేసు రాస్తే పోలీసులొస్తారు, ఊరంతా తెలుస్తుంది, పిల్లలెక్కడికి పోతారు? ఆసుపత్రిలో ఎవరైనా ఇంటి సంగతి అడిగితే అది పోలీసులకేనన్నది మన ఒంట్లో ఇంకిపోయింది. అమెరికా వచ్చినా అది పోదు. మీరు “సేఫే” అన్నది ఆ భయంతోనే.

ఇక్కడ మాట వేరు. న్యూజెర్సీలో, తన సంగతి తాను చూసుకోగలిగిన పెద్దమనిషి ఇలాంటివి చెబితే, ఆ మనిషి ఒప్పుకోకుండా మేం పోలీసులను పిలవాలన్న చట్టం లేదు. తుపాకీ గాయం, కత్తి గాయం లాంటివైతే తెలపాలి. పిల్లలకు హాని జరుగుతోందని తెలిస్తే తప్పక చెప్పాలి. మతి సరిగా లేకో, జబ్బు వల్లో తన నిర్ణయం తాను తీసుకోలేని పెద్దవాళ్ల విషయంలో కౌంటీలోని రక్షణ విభాగానికి తెలపాలి. మీ ఉత్తరం చూస్తే మీ నిర్ణయం మీరు చక్కగా తీసుకోగలరు. కాబట్టి మీరొప్పుకోకుండా ఆసుపత్రివాళ్లు పోలీసులను పిలవాల్సిన పని లేదు. ముందు ఈ భయం వదిలేయండి.

కట్టు విప్పించుకోవడానికి మళ్లీ ఆసుపత్రికి వెళతారు కదా. అక్కడ “తెలుగు” అని ఒక్క మాట అనండి, ఫోన్‌వైపు చూపించండి. ఫోన్లోనో వీడియోలోనో తెలుగు దుబాసీని ఉచితంగా ఇవ్వాల్సిన బాధ్యత వాళ్లది. ఇంట్లోవాళ్లే చెప్పాలన్న రూలేమీ లేదు. దుబాసీ లైన్‌లోకి వచ్చాక, “నేను ఒంటరిగా మాట్లాడాలి, మా వాళ్లను బయటికి పంపండి” అనండి. నర్సులు ఏదో ఒక పని పెట్టి మీ వాళ్లను పంపించేస్తారు, మాకది అలవాటే. అప్పుడు నాకు రాసిన మాటలే చెప్పండి. పాస్‌పోర్టు సంగతి ముందు చెప్పండి.

ఆసుపత్రి వద్దనుకుంటే, ఈ ఉత్తరం రాసిపెట్టిన ఆవిడనే ఒక సాయం అడగండి. న్యూజెర్సీలో దక్షిణాసియా ఆడవాళ్ల కోసం 1985 నుంచి పనిచేస్తున్న మానవి అనే సంస్థ ఉంది. దేశమంతటికీ ఉన్న గృహహింస హెల్ప్‌లైన్ 1-800-799-7233, ఎప్పుడైనా ఎత్తుతారు, దుబాసీని కలుపుతారు. పాస్‌పోర్టు ఇవ్వకపోతే న్యూయార్క్‌లోని భారత కాన్సులేట్ ఉంది. ఆవిడ ఫోన్ నుంచే చేయండి, మీ ఫోన్ నుంచి వద్దు.

ప్రశ్న: అక్కా, నేను టెక్సాస్‌లో ఎంఎస్ రెండో సెమిస్టర్. పార్ట్ టైమ్ పోయింది. ఒక పూట మ్యాగీ, ఒక పూట రూమ్మేట్ వండితే అన్నం. పోయిన నెల కళ్లు తిరిగి పడిపోతే ఎమర్జెన్సీలో సెలైన్ పెట్టారు. తిండి గురించి ఫారంలో అడిగితే ‘ఎప్పుడూ లేదు’ అని టిక్ పెట్టాను. వీసాకి బ్యాంక్ బ్యాలెన్స్ చూపించి వచ్చాం కదా, డబ్బుల్లేవని రాస్తే సమస్య అవుతుందని భయం. ఇప్పుడు బిల్లు వచ్చింది.

జవాబు: నాన్నా, ముందు అన్నం సంగతి. చాలా యూనివర్సిటీల్లో ఫుడ్ ప్యాంట్రీ ఉంటుంది. స్టూడెంట్ ఐడీ చూపిస్తే బియ్యం, పప్పు, గుడ్లు, డబ్బాలు ఇస్తారు. రేపే వెళ్లు. లేకపోతే 211కి ఫోన్ చెయ్యి, దగ్గర్లో ఎక్కడుందో చెబుతారు. ఇంటికి ఫోన్ చేసినప్పుడు తిన్నానని అబద్ధం చెబుతున్నావని నాకు తెలుసు. అమ్మకి చెప్పలేకపోతే కనీసం అన్నకో అక్కకో చెప్పు.

ఆ టిక్ వల్ల ఏ నష్టమూ రాదు, నిజం టిక్ చేసినా రాదు. వైద్య సమాచారాన్ని 1996 నాటి హిపా చట్టం కాపాడుతుంది. నీ జవాబుని యూనివర్సిటీకో వీసా ఆఫీసుకో పంపడం ఆసుపత్రి పని కాదు. మీ టెక్సాస్‌లో 2024 నవంబరు నుంచి ఆసుపత్రుల్లో ఇమిగ్రేషన్ స్థితి కూడా అడుగుతున్నారు, ఫ్లోరిడాలో 2023 నుంచే ఉంది. అది వేరే ప్రశ్న. దానికి ఏం చెప్పినా, చెప్పకపోయినా వైద్యం ఆపకూడదు. ఆ రెండూ ఒకే చోట అడిగేసరికి పిల్లలు భయపడి తిండి ప్రశ్నకు కూడా అబద్ధం రాస్తున్నారు. నీలాగా రాసినవాళ్లు ఈ ఆరు నెలల్లో నాకు నలుగురు తగిలారు.

నిజం టిక్ చేసి ఉంటే ఏం జరిగేది? ఉన్నది ఉన్నట్టు చెబుతాను. మంచి చోట అయితే నాలాంటి మనిషి వచ్చి కూర్చునేది, ప్యాంట్రీ వేళలు చెప్పేది, బిల్లు తగ్గించే దరఖాస్తు చేతిలో పెట్టేది. కొన్నిచోట్ల డిశ్చార్జి కాగితాల అడుగున నాలుగు ఫోన్ నంబర్లున్న జిరాక్సు పెట్టి పంపేస్తారు. వాటిలో రెండు పనిచేయవు. ఆకలేస్తోందా అని అడిగి, అవునంటే ఒక కాగితం ఇచ్చి ఊరుకోవడం నాకు మహా పాపంగా అనిపిస్తుంది. మా మీటింగుల్లోనూ ఇదే మాట అంటుంటాను.

బిల్లు: లాభాపేక్ష లేని ఆసుపత్రి అయితే, ఆదాయం తక్కువున్నవాళ్లకు తగ్గించే పద్ధతి వాళ్లకు తప్పనిసరిగా ఉండాలి. మొదటి బిల్లు వచ్చినప్పటి నుంచి 240 రోజుల దాకా దరఖాస్తు తీసుకోవాలి. బిల్లు మీదున్న నంబర్‌కి ఫోన్ చేసి ‘ఫైనాన్షియల్ అసిస్టెన్స్ అప్లికేషన్’ పంపమను. క్రెడిట్ కార్డు మీద మాత్రం కట్టెయ్యకు.

ప్రశ్న: మేడమ్, నేను ఆంధ్రాలో ఒక జిల్లా ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుని. మా క్యాజువాల్టీలో ఇలాంటివి అడిగే టైమ్ ఎక్కడిది? అడిగితే ఊరుకుంటారా?

జవాబు: సిస్టర్, మీ రద్దీ నాకు తెలుసు. ట్యాబ్లెట్లూ ఫారాలూ మీకొద్దు. మీ దగ్గర ఉన్నవాటి నుంచే మొదలుపెట్టండి. దెబ్బలతో వచ్చిన ఆడమనిషిని ఎక్స్‌రేకి తీసుకెళ్లేటప్పుడు ఒక్కతినే తీసుకెళ్లండి, ఆ వరండాలో అడగండి. హింసకు గురైన ఆడవాళ్లకు సాయం చేసే సఖి కేంద్రం జిల్లాలో ఎక్కడుందో, ఫోన్ ఎవరు ఎత్తుతారో ముందే తెలుసుకుని పెట్టుకోండి. ఆడవాళ్ల హెల్ప్‌లైన్ 181 నంబరు గోడ మీద కన్నా ఆడవాళ్ల బాత్రూమ్ తలుపు లోపలివైపు అంటించండి, అక్కడైతే పక్కన ఎవరూ ఉండరు.

మిగతా అందరికీ ఒకే ఒక్క ప్రశ్న. “రావడానికి ఆటోకి ఎంతయింది, తిరిగి వెళ్లడానికి ఉన్నాయా?” అని అడగండి. ఎవరూ అవమానపడరు, మనవాళ్లం రోజూ మాట్లాడుకునే మాటే. దాని వెనకాలే అప్పు సంగతీ, కూలి పోయిన సంగతీ, ఇంట్లో వండిపెట్టే దిక్కు లేని సంగతీ వాటంతటవే వస్తాయి. ఒక వారం అడిగి, ఏం చెప్పారో నాకు రాయండి.